సేవాగ్రాం బడి నేర్పిన స్వావలంబన

1937లో కాంగ్రెసు మంత్రివర్గాలు గద్దెనెక్కగానే వాటికి ఓ చిక్కు వచ్చిపడింది. మద్యనిషేధం తెస్తామని పార్టీ మాటిచ్చింది. బడుల ఖర్చుకేమో అబ్కారీ రాబడే పెద్ద ఆసరా. సారా దుకాణాలు మూయిస్తే పంతుళ్ల జీతాలు ఎక్కణ్నుంచి తేవాలి? పిల్లల చేతిపనే బడిని పోషించుకోవాలని గాంధీ 'హరిజన్' పత్రికలో జవాబు రాశారు. చేతిపనితో చదువు నేర్పే ఈ నయీ తాలీం పుట్టుకకు ఇదొక్కటే కారణం కాకపోయినా, ఆ డబ్బు లెక్క దానికి చివరిదాకా మచ్చగా మిగిలింది. పేదపిల్లల చేత నూలు వడికించి ఖర్చు తగ్గించుకునే ఎత్తుగడ అని ఈనాటికీ కొందరంటారు. ఆ పథకంలో అసలు విలువైనది పొదుపు కాదు. తాము తినేదీ కట్టుకునేదీ ఎలా తయారవుతుందో పిల్లలకు చేతులతో తెలియడం, ఏ పనీ పుట్టుకతో ఒకరికే అంటగట్టింది కాదని రోజూ చేసి తెలుసుకోవడం. స్వావలంబన అంటే, ఆ పథకం నడిచిన సేవాగ్రాం బడిలో అర్థం ఇదేనని నా వాదన.

1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పాలంది. రోజుకు ఐదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి కేటాయించింది. వినగానే అన్యాయమనిపించే లెక్క ఇది. అయితే నూలు వడికే తకిలీ పట్టుకున్న పిల్లవాడి పని దగ్గరగా చూడాలి. ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగుతాయో అదే నూలు నంబరు. తాను వడికిన దారం పొడవు కొలిచి, తూకం వేసి, భాగహారం చేస్తే తప్ప ఆ నంబరు తేలదు. లెక్క తప్పిందో లేదో నూలే చెబుతుంది. ఎండాకాలంలో పోగు ఊరికే ఎందుకు తెగుతోందని అడిగితే గాలిలో తేమ సంగతి చెప్పాలి. ఈ పత్తి ఏ నేలలో పండిందంటే భూగోళం, ఊళ్లో మగ్గాలు ఎందుకు మూలపడ్డాయంటే చరిత్ర.

ఈ చదువుకు ఊరే ఆవరణ అయింది. 1936లో గాంధీ వార్ధా పక్కనున్న సేగాఁవ్‌లో స్థిరపడ్డారు. తర్వాత దాని పేరు సేవాగ్రాం అయింది. సింహళం నుంచి వచ్చిన ఆర్యనాయకం, ఆయన భార్య ఆశాదేవి శాంతినికేతనంలో పనిచేసినవారు. వాళ్లిద్దరూ అక్కడి బడిని నిలబెట్టారు. పిల్లలు కూరగాయలు పండించేవారు, వంతుల వారీగా వంటశాల నడిపేవారు, దాని జమాఖర్చులు రాసేవారు. మరుగుదొడ్లూ తామే శుభ్రం చేసి ఆ మలాన్ని ఎరువుగా మార్చేవారు. అన్నిటికంటే ఈ చివరి పనికే నేను ఎక్కువ బరువిస్తాను. అంటరానితనం తప్పని పాఠం చదివిన బ్రాహ్మణ బాలుడికీ, వంతు వచ్చిన రోజు పార, బకెట్టు పట్టుకున్న బాలుడికీ చాలా తేడా ఉంది.

ఆక్షేపణలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. పిల్లలు తయారుచేసిన సరుకు చేతివృత్తులవాళ్ల నోటికాడి కూడు లాక్కుంటుందని ఆచార్య కె.టి. షా ఆనాడే హెచ్చరించారు. ఆదాయం మీద ధ్యాస పెరిగితే చదువు వెనకబడుతుందని జాకిర్ హుస్సేన్ సంఘమే తన నివేదికలో రాసుకుంది. ఆ భయం న్యాయమైనదే. పంతులు జీతానికీ పిల్లవాడి నూలుకూ ముడిపెట్టకుండా ఉండాల్సిందని నేనూ అంటాను. మరో ఆక్షేపణ ఇంకా లోతైనది. పల్లె అంటే అజ్ఞానానికీ సంకుచితత్వానికీ నిలయమని 1948 నవంబరులో అంబేద్కర్ రాజ్యాంగ సభలో అన్నారు. ఊరి వెలుపల బతకాల్సివచ్చినవారి తరఫున ఆ మాట అక్షరాలా నిజం. ఉన్న పల్లెను ఉన్నట్టే గురువుగా పెట్టుకుంటే పిల్లలు నేర్చేది కులమే.

దానికి సాక్ష్యం ఎక్కడో వెతకనక్కర్లేదు. 1953లో, కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక బడుల్లో చదువును ఒంటిపూటకు కుదించారు. మిగిలిన పూట పిల్లలు ఇంటివృత్తి నేర్చుకోవాలన్నారు. చాకలి బిడ్డకు చాకిరేవు, కుమ్మరి బిడ్డకు సారె. ద్రావిడ ఉద్యమం దాన్ని కులవిద్య అంది. 1954లో, ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన కామరాజ్ దాన్ని ఎత్తేశారు, మంచి పని చేశారు. పైకి రెండూ పనితో చదువుగానే కనిపిస్తాయి. కానీ రాజాజీ పథకం బిడ్డను తండ్రి పనిలోకే పంపింది, సేవాగ్రాం అందరి పనీ అందరి చేతా చేయించింది. అంబేద్కర్ ఆక్షేపణకు సేవాగ్రాం పూర్తి సమాధానం కాదు. బడి గడప దాటితే ఊరు మారలేదు. అయినా ఉన్న ఊరును నెత్తిన పెట్టుకోకుండా, ఉండాల్సిన ఊరును పిల్లల చేత కట్టించే ప్రయత్నం అక్కడ జరిగింది.

స్వాతంత్య్రం వచ్చాక ప్రభుత్వాలు నయీ తాలీం నుంచి 'బేసిక్ విద్య' అన్న పేరునూ తకిలీనీ తీసుకున్నాయి, కలిసి వండుకోవడాన్నీ కలిసి ఊడ్చుకోవడాన్నీ వదిలేశాయి. పరీక్షలు పాతవే, ఉద్యోగాలకు అడిగే అర్హతలూ పాతవే. పిల్లవాణ్ని గుమస్తా చేయాలనుకున్న తల్లిదండ్రులు నూలు పీరియడును దండగనుకున్నారంటే తప్పు వాళ్లది కాదు. కలిగినవాళ్ల పిల్లలు వేరే బడుల్లో పుస్తకాలు చదువుతుంటే, పేదవాళ్ల పిల్లలకు మాత్రం చేతిపని గొప్పదని ఎవరు చెప్పినా ఎందుకు నమ్మాలి? 1966లో కొఠారీ కమిషన్ తన నివేదికలో పని అనుభవాన్ని అన్ని బడుల్లోనూ పెట్టమంది. ఆచరణలో అది చాలా చోట్ల టైంటేబుల్లో ఓ గడిగా మిగిలింది. వంటశాల జమాఖర్చులు రాసే వంతు మాత్రం పిల్లలకు మళ్లీ రాలేదు.