ఉప్పునీటి అక్వేరియం: చేపల కంటే ముందు నీళ్లు కుదరాలి

చెన్నై, బరంపురం, యానాం, ముంబై... మనవాళ్లలో చాలామందికి సముద్రం దగ్గరే. అందుకని ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టగానే ముందు వచ్చే ఆలోచన, బీచ్‌కెళ్లి నాలుగు క్యాన్ల నీళ్లు పట్టుకొద్దామని. మేమైతే వద్దనే చెబుతాం. ఊరి ఒడ్డున నీళ్లలో మురుగు కలుస్తుంది. వానాకాలంలో ఉప్పు శాతం పడిపోతుంది. యానాం వైపు గౌతమి నీళ్లు కలిసేచోట అది పూర్తిగా సముద్రపు నీరూ కాదు, నది నీరూ కాదు.

వంటింటి ఉప్పు, కల్లుప్పు కూడా పనికిరావు. వాటిలో దాదాపు అంతా సోడియం క్లోరైడే. చేపలకు మెగ్నీషియం, కాల్షియం లాంటివీ కావాలి. అక్వేరియం షాపుల్లో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన విడిగా ఒక బకెట్లో కలిపి, చిన్న పంపు పెట్టి ఒక రోజు తిరగనివ్వాలి. రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. కలపడానికి బోరు నీళ్లు వాడొద్దు. తాగునీటి ఆర్‌వో మిషన్లు చాలావాటిలో రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతారు. కాబట్టి ఒకసారి టీడీఎస్ చూసుకోండి, సున్నాకు ఎంత దగ్గరుంటే అంత మంచిది.

ఎక్కువ చేపలు పోయేది మొదటి నెలలోనే, అదీ రోగంతో కాదు. చేప విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా ఉండదు. అది రాళ్ల మీదా ఫిల్టర్‌లోనూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చేపలు లేకుండా రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తూ, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండాలి. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలిస్తే ఒక చేప తెచ్చుకోవచ్చు. అవును, ఒక్కటే. తొట్టి కొన్న రోజే చేపలు కూడా కట్టిచ్చే షాపుంటే దానికి దణ్ణం పెట్టి బయటికొచ్చేయండి. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 వరకు ఉంటుంది. పీహెచ్ ఎంత ఎక్కువైతే అమ్మోనియా అంత విషం. గోల్డ్‌ఫిష్ తట్టుకునే మోతాదు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

తర్వాత అందరూ తడబడేది ఆవిరి దగ్గర. నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు పోదు. 100 లీటర్లలో 5 లీటర్లు తగ్గితే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు దాదాపు 37కి చేరుతుంది. అద్దం మీద గీత గీసుకుని, తగ్గినంత మంచి ఆర్‌వో నీరే రోజూ పోయండి. ఉప్పు కలిపిన నీళ్లు వారానికోసారి పదో వంతు నీరు మార్చేటప్పుడు మాత్రమే. నైట్రేట్ 20 దాటకుండా ఉండటానికి చాలా ఇళ్లలో ఈ మార్పే సరిపోతుంది.

చెన్నైలో మే నెలొస్తే తొట్టి నీళ్లు 32 డిగ్రీలు దాటేస్తాయి. కావాల్సింది 25 నుంచి 27. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ. చిల్లర్ ఖరీదు భరించలేనివాళ్లు నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది (ఆవిరి మాత్రం రెట్టింపవుతుంది, గీత గుర్తుంచుకోండి). కరెంటు పోతే మేత ఆపేయండి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఏసీ గదిలో తలుపులన్నీ మూసి ఉంటే బొగ్గుపులుసు గాలి పేరుకుని పీహెచ్ పడిపోతుంది. కాసేపు కిటికీ తెరిస్తే చాలు, మందులు పోయనక్కర్లేదు.

అలంకారానికి ఒడ్డున ఏరిన పగడం ముక్క వేయొద్దు. పగడాలు, సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. సిరామిక్ రాళ్లు వాడుకోవచ్చు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలో క్లౌన్ చేపలను హేచరీలో పెంచే పద్ధతి రూపొందించారు. కొనేటప్పుడు హేచరీ పిల్లా, సముద్రంలో పట్టిందా అని అడగండి. తొట్టిలోనే పుట్టిపెరిగిన పిల్ల మన మేతకు త్వరగా అలవాటు పడుతుంది. నీళ్లు కుదిరితే పదేళ్లు పైగా బతుకుతుంది.