ఆగస్టు దాకా కోడలు

చెన్నై విమానాశ్రయంలో విదేశాల నుంచి దిగినవాళ్లు బయటికొచ్చే చోట, కమ్మీల వెనక నిలబడ్డవాళ్లను చూస్తే ఎవరు ఎవరి కోసం వచ్చారో చెప్పేయొచ్చు. గల్ఫ్ నుంచి వచ్చే నాన్న కోసం పిల్లలు కమ్మీలు పట్టుకుని వేలాడుతుంటారు. టాక్సీవాళ్లు పేర్లు రాసిన అట్టలు పట్టుకుని ఆవలిస్తుంటారు. 2023 జూలైలో ఒకనాడు ఆ గుంపులో నిలబడ్డ చిత్తూరు జిల్లా కుర్రాడి చేతిలో అట్ట లేదు. రావలసిన మనిషి ముఖం అతడికి ఆరేళ్లుగా తెలుసు. తెలియనివల్లా ఆ మనిషి ఎంత ఎత్తుంటుందో, ఎలా నడుస్తుందో. ఫోను తెర అంతవరకు చూపించదు.

కొలంబో నుంచి చెన్నైకి విమానంలో గంటన్నర కూడా పట్టదు. వాళ్లిద్దరికీ ఆరేళ్లు పట్టింది. 2017లో ఫేస్‌బుక్‌లో పరిచయమైనప్పటి నుంచి దారికి ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంది. 2019 ఈస్టర్ నాడు శ్రీలంకలో బాంబులు పేలాయి. 2020లో రెండు దేశాల విమానాలూ నేల మీదే నిలిచిపోయాయి. 2022లో ఆ ద్వీపం అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, జనం పెట్రోలు కోసం రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు. ఇన్నిటి మధ్యా ఫోను మోగడం మాత్రం ఆగలేదు. చివరికి ఆమె పర్యాటక వీసా తీసుకుని బయల్దేరింది.

ఇది జరిగిన కథే. ఆ నెలలో పత్రికలన్నీ రాశాయి, ఫొటోలతో సహా. ఇప్పుడు మళ్లీ వాళ్ల పేర్లతో, ఊరి పేరుతో పని లేదు. ఆమె రాక, పెళ్లి, వీసా చిక్కు వార్తల్లోవి. ఇంటి లోపలి మాటలు మాత్రం ఆ సీమ తీరును బట్టి ఇలా జరిగి ఉంటాయని ఊహించి అల్లినవి.

* * *

చెన్నై నుంచి చిత్తూరు పడమటి కొసకు పోయే దారి వేలూరు మీదుగా సాగుతుంది. పాలారు ఎండి ఇసుక తేలి ఉంటుంది. ఆ ఏటి ఒడ్డున ముత్తుమండపం అని ఒక కట్టడం ఉంది. దాని కింద నిద్రపోతున్నది శ్రీలంకకు ఆఖరి రాజు, శ్రీ విక్రమ రాజసింహ. 1815లో ఇంగ్లీషువాళ్లు అతణ్ని కండి సింహాసనం నుంచి దించి, సముద్రం దాటించి తెచ్చి వేలూరు కోటలో పెట్టారు. 1832లో ఇక్కడే పోయాడు. తెలుగు మూలాలున్న నాయక్కర్ల వంశం అతడిది. అంతకు మునుపు కండి రాజులు మదురై నుంచి పెళ్లికూతుళ్లను తెచ్చుకునేవాళ్లు. ఆ వియ్యం పుణ్యమా అని 1739లో రాణిగారి తమ్ముడికే గద్దె దక్కి, నాయక్కర్ల పాలన మొదలైంది. ఇక్కడి ఆడపిల్లలు పల్లకీల్లో, పడవల్లో అటు పోయి, ముఖం తెలియని అత్తమామల కాళ్లకు దండం పెట్టేవాళ్లు. ఇప్పుడు అదే దారిన ఒక పిల్ల ఇటు వస్తోంది. ఆమెకూ అత్తమామల ముఖాలు ఫోనులో తప్ప తెలియవు.

వేలూరు దాటాక కొండలు మొదలవుతాయి. అక్కడి నుంచి బోర్డుల మీద లిపులు మారుతూ పోతాయి. కాసేపు తమిళం, కాసేపు తెలుగు, ఇంకాస్త పోతే కన్నడం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా ఈ నేలలో చాలా భాగం ఉత్తర ఆర్కాటే. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మీద పటాస్కర్ తీర్పు అమలై తిరుత్తణి అటు తమిళుల వైపు పోయింది, సత్యవేడు ఇటు ఆంధ్ర వైపు వచ్చింది. గీత మారింది గానీ నాలుకలు మారలేదు. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూల సంతలో టమాటా బుట్ట దగ్గర తెలుగులో బేరం మొదలుపెట్టి, తమిళంలో తగవు పడి, కన్నడంలో రాజీ అయ్యేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

లంక తమిళం మాట్లాడే పిల్ల కాపురానికి రావడానికి తెలుగునాట ఇంతకంటే అనువైన మూల దొరకదు.

* * *

"వచ్చినారా?" అని అమ్మ గడప దాటి వచ్చింది. కొడుకును కాదు, వెనక దిగుతున్న పిల్లను చూస్తోంది. చేతిలో పళ్లెం. ఎర్రనీళ్లు. దిష్టి తీసి, నీళ్లు దోవలో పారబోసి, "రామ్మా, లోపలికి రా. ఎట్లుండావు? ఎండకు నల్లబడి వచ్చినావే" అంది. అంతకు ముందు ఆమె తెలుపెంతో ఎవరికీ తెలియదు. అయినా అది అనవలసిన మాట. అంది.

లోపల కూచున్నాక ప్రశ్నలు. దోవలో ఏమన్నా తిన్యారా? మీ అమ్మ బాగుండాదా? అక్కడ వానలు పడినాయా? పిల్ల తమిళంలో జవాబు చెబుతోంది. ప్రతి ప్రశ్నకూ ముందు "ఓం, ఓం" అంటోంది. మూలన మంచం మీదున్న అవ్వ చెవి రిక్కించింది.

"ఏంరా, పిల్ల ఊరికే ఓం ఓం అంటా ఉండాది? మంత్రం చదవతా ఉండాదా?"

కుర్రాడు నవ్వాడు. "మంత్రం కాదవ్వా. వాళ్ల సైడు తమిళంలో అవునంటే ఓం అంటారు."

"అట్లనా! అయితే మంచిదే. ఇంట్లో పొద్దస్తమానం దేవుడి పేరు మోగుతాది" అంది అవ్వ. ఆమెకు ఒకటే సందేహం మిగిలింది. "యా ఊరన్నావు?"

"శ్రీలంక అవ్వా. సిలోను."

సిలోను అనగానే అవ్వ ముఖం విప్పారింది. శ్రీలంక ఆమెకు తెలియదు, సిలోను తెలుసు. రేడియో సిలోనులో తెలుగు పాటలు వచ్చే కాలం అవ్వది. ఆ పాటల మధ్య తెలుగులో మాట్లాడే మీనాక్షి పొన్నుదురై గొంతు మన ఇళ్లలో చాలామందికి తెలుసు. ఆమె తెలుగులో కాస్త వేరే యాస వినిపించేది. అయినా ఎవరికీ పరాయి గొంతు అనిపించలేదు. అంటే లంక నుంచి ఒక ఆడమనిషి గొంతు ఈ ఇళ్లలోకి ఏనాడో వచ్చి కూచుంది. మనిషే ఇప్పుడొచ్చింది.

కాఫీ దగ్గర చిన్న తిరకాసు. పిల్ల గుక్కెడు తాగి, మొహమాటంగా "సీని" అంది. అత్తగారు కంగారు పడింది. "చీనీకాయలా? ఈ పొద్దులో యాడ తెచ్చేది? పొద్దున్నే తెప్పిస్తాలే." ఈ పక్క చీనీ అంటే బత్తాయి. లంక తమిళంలో సీని అంటే చక్కెర. కొడుకు డబ్బా తెచ్చి రెండు చెంచాలు వేశాక గానీ అందరికీ అర్థం కాలేదు. అప్పుడొచ్చిన నవ్వుతో పిల్ల గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూచుంది. చుట్టం చుట్టరికం వదిలేదెప్పుడంటే ఆ కాళ్లు చాపినప్పుడే.

రాత్రికి రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి. దాంతో పాటు టమాటా పప్పు. ఆ జూలైలో టమాటా పప్పంటే మాటలు కాదు. మదనపల్లె మార్కెట్‌లో మేలురకం కాయ కిలో వంద దాటి, నెలాఖరుకు రెండు వందల దరికి పోయింది. దేశమంతా కాయను లెక్కబెట్టి కొంటోంది. అల్లుడొస్తే కోడిని కోసే సీమలో ఆ నెల కోడి కంటే టమాటాకే గౌరవం ఎక్కువ. అది పిల్లకు తెలియదు. కొబ్బరిపాల సొదితో అన్నం తిని పెరిగిన నోరు. సంగటి ముద్దను నములుతూ కూచుంది. అత్తగారు ఊరుకోలేక పక్కన చేరింది. "నమలకూడదమ్మా. ఇట్ల తుంచి, పప్పులో ముంచి, మింగేయాల." తన చేత్తోనే తుంచి, పిల్ల పళ్లెంలో పెట్టింది.

ఇన్ని ప్రశ్నలు అడిగిన ఆ ఇల్లు ఒక ప్రశ్న మాత్రం అడగలేదు. ఎన్నాళ్లుంటావు? మన ఇళ్లలో గడప దాటి వచ్చిన మనిషిని ఆ మాట అడగరు. అడిగితే ఎప్పుడు పోతావు అన్నట్టే.

* * *

ఆ నెలలోనే పెళ్లయింది. గుడిలో, పెద్దల ఎదుట, పసుపుతాడు. ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. విలేకరులూ వచ్చారు. వార్త జిల్లా దాటి, రాష్ట్రం దాటి పోయింది. అప్పటికే పాకిస్తాన్ నుంచి నేపాల్ మీదుగా, వీసా లేకుండా గ్రేటర్ నోయిడాలోని ప్రియుడింటికి పిల్లలతో వచ్చేసిన ఒకామె సంగతి టీవీల్లో రోజంతా నడుస్తోంది. ఆ ఊపులో ఈ లంక అమ్మాయి కథనూ దాని పక్కన పెట్టి చూపారు. నిజానికి రెంటికీ పోలిక లేదు. ఈమె పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, పగటి విమానమో రాత్రి విమానమో ఎక్కి, రాజమార్గాన వచ్చింది.

పోలీసులు పిలిచారు. ఇల్లు అడగని ఆ ఒక్క ప్రశ్నా వాళ్లు అడిగారు. ఎన్నాళ్లుంటారు?

అడగడం వాళ్ల పని. వీసా గడువు ఆగస్టుతో అయిపోతుంది. ఆ లోపల తిరిగి వెళ్లాలి, లేదా చట్టప్రకారం పొడిగింపు తెచ్చుకోవాలి. తనకు ఇక్కడే ఉండిపోవాలని ఉందని ఆమె విలేకరులతో చెప్పింది. పత్రికల్లో కొత్త పెళ్లికూతురి ఫొటో కింద తాళి గురించి ఒక వాక్యం, వీసా గురించి మూడు వాక్యాలు పడ్డాయి.

విదేశీ మనిషి ఇంటికొస్తే, హోటలైనా సొంత ఇల్లైనా, 24 గంటల్లో సి-ఫారం నింపి తెలపాలని అప్పటి నిబంధన. దిష్టి తీసే పళ్లెం సిద్ధం చేసుకునే ఇళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? ఇక పెళ్లి. దేశాలు వేరైన జంటలు ఎక్కువగా ఆశ్రయించేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని. గుడిలో అయిపోయిన పెళ్లిని ఆ చట్టం కింద నమోదు చేయించుకోవాలంటే ఇద్దరూ అప్పటికి 30 రోజులుగా ఆ జిల్లాలో ఉండాలి. దరఖాస్తు ఇచ్చాక, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవడానికి మరో 30 రోజులు ఆగాలి. ముప్పయ్యీ ముప్పయ్యీ అరవై. జూలైలో దిగి ఆగస్టులో చెల్లిపోయే వీసాలో అరవై రోజులు ఎక్కడ పడతాయి? అందుకే పొడిగింపు. పెళ్లయిందని చూపి పర్యాటక వీసాను మరో రకం వీసాగా మార్పించుకునే దారీ ఉంది. ఆ పైన, నమోదైన పెళ్లి రెండేళ్లు నిలిస్తే ఓసీఐ కార్డుకు అర్హత. ఏడేళ్లు ఇక్కడ కాపురముంటే పౌరసత్వానికి దరఖాస్తు.

అవ్వ ఒప్పుకోవడానికి ఒక కాఫీ పట్టింది. అత్తగారికి ఒక సంగటి ముద్ద. కాగితం ఒప్పుకోవడానికి ఏడేళ్లు.

* * *

చిత్తూరు సీమవాళ్లకు ఇది వింతగా తోచకూడదు. ఈ నేల మీద జరిగిన పెద్ద పెళ్లికే కాగితం కావలసి వచ్చింది. శేషాచలం మీది శ్రీనివాసుడు నారాయణవనం పిల్లను వలచాడు. వకుళమాతను సంబంధానికి పంపి, తాను ఎరుకలసాని వేషంలో ముందే వాళ్లింటికి పోయి, సోది చెప్పి, ఆకాశరాజు ఇంటి లోపలి సంగతులు కనుక్కున్నాడు. దూరపు సంబంధం కదా, అత్తింటిని పరీక్షగా చూసుకోవాలి. ఆమె పెళ్లికి పసుపు విసిరిన తిరగలి ఇదేనని నారాయణవనం గుళ్లో ఇప్పటికీ చూపిస్తారు. అన్నీ కుదిరాక చేతిలో డబ్బు లేదు. కుబేరుడి దగ్గర అప్పు చేసి పత్రం రాసిచ్చాడు. సాక్షులుగా బ్రహ్మ, శివుడు. దేవుడి మాటకే సాక్షులు కావలసి వచ్చినప్పుడు, కొలంబో పిల్ల మాటకు ముద్రలూ సంతకాలూ అడగడంలో తప్పేముంది?

తేడా గడువులో ఉంది. కుబేరుడు కలియుగం చివరిదాకా గడువిచ్చాడు. ఈమెకు ఆగస్టు దాకా.

ఆ పెద్ద పెళ్లి తర్వాత కూడా జంట ఒకచోట లేదు. ఆయన కొండ మీద, ఆమె కింద తిరుచానూరులో. రోజూ రాత్రి ఆయన మెట్లు దిగి ఆమె దగ్గరికి వచ్చిపోతాడని, అందుకే చెప్పులు అరుగుతాయని తిరుపతివాళ్లు చెబుతారు. అలిపిరిలో పాదాల మండపం దగ్గర భక్తులు పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసేది అందుకే. కార్తీకంలో పంచమి తీర్థానికి కొండ మీది నుంచి ఆమెకు చీర, పసుపు, కుంకుమలతో సారె దిగుతుంది. ఎన్ని వేల రాత్రులు దిగి ఉంటాడో, ఎన్ని జతలు అరిగి ఉంటాయో.

అరిగిన జతకు బదులు కొత్త జత పెడతారు. ఎన్నాళ్లుంటావని మాత్రం తిరుచానూరులో ఎవరూ అడగలేదు.