ఖాళీ కుర్చీలోని మనిషి

ఆళ్ళగడ్డలో మా తండ్రిగారికి ఒక పడక కుర్చీ ఉండేది. ఆయన నడుము ఆనిన మేర గుడ్డ జారి లోతయింది. నశ్యం డబ్బా పెట్టే చోట చేతికొయ్య నల్లగా నిగనిగలాడేది. ఆయన ఊళ్ళో లేకపోయినా అందులో కూర్చునే ధైర్యం మాకెవరికీ ఉండేది కాదు. కుర్చీని మనిషి చిత్తరువుగా వ్రాయవచ్చునన్న సంగతి మాత్రం, నంద్యాలలో ఉపాధ్యాయుడినయ్యాక, విన్సెంట్ వాన్ గో చిత్రాల పుస్తకం తిరగవేసినప్పుడు గాని తెలియలేదు.

1888 అక్టోబరులో చిత్రకారుడు పాల్ గోగాన్ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో వాన్ గో ఇంట చేరాడు. మరుసటి నెలలో వాన్ గో రెండు కుర్చీలను చిత్రించాడు. తనది చేతులు లేని నాటు కుర్చీ, గడ్డితో అల్లిన ఆసనంపై పైపు, పొగాకు, పగటి వెలుగు. మిత్రునిది చేతుల కుర్చీ. ఆసనంపై వెలుగుతున్న కొవ్వొత్తి, రెండు నవలలు. రాత్రివేళ, ఎరుపు ఆకుపచ్చల పెనుగులాట. ముఖాలు లేవు, స్వభావాలున్నాయి. డిసెంబరు ముగిసేలోగా స్నేహం చెడి గోగాన్ వెళ్ళిపోయాడు. మిత్రుని ఖాళీ స్థానాన్నే చిత్రింపబోయానని 1890లో విమర్శకుడు అల్బేర్ ఒరియేకు వ్రాసిన లేఖలో వాన్ గో చెప్పుకొన్నాడు. 1870లో డికెన్స్ మరణించినప్పుడు ల్యూక్ ఫిల్డ్స్ గీసిన ఆ రచయిత ఖాళీ కుర్చీ బొమ్మ అంటే అతనికి ఎంతో మక్కువ.

ఈ ఊహ మనకు పరాయిదేమీ కాదు. అమరావతి స్తూపపు తొలినాటి ఫలకాలలో బుద్ధుని రూపం కనిపించదు. బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చేతులు జోడించిన జనం, అంతే. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ఫలకానికి ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్ది నాటి ఖాళీ ఆసనం ఉంది, రెండవవైపు క్రీ.శ. 3వ శతాబ్దిలో చెక్కిన స్తూపం, దాని ద్వారంలో నిలుచున్న బుద్ధుడు ఉన్నారు. వెనుకటి శిల్పికి ఆసనమే చాలింది. చూసేవారికీ చాలింది కనుకనే అన్ని చేతులు జోడింపబడ్డాయి.

తండ్రిగారు పోయాక, శిల్పులకు పేరుపడ్డ ఊరు గదా, విగ్రహం చేయిద్దామని అన్నదమ్ములం అనుకొన్నాము. ఉన్న ఒక్క ఫొటోలో ఆయన కెమెరాకు బెదిరి బిగుసుకుపోయి ఉన్నారు. "ఇది మీ నాయన మొగమే కాదు" అన్నది అమ్మ. విగ్రహం మాట అంతటితో ఆగింది. కుర్చీని అప్పటికే పాత సామానుతో పాటు అమ్మివేశాము. వాన్ గో కుర్చీలను పిల్లలకు వర్ణించి చెప్పిన నాకే, ఇంటి కుర్చీని ఒక కాగితం మీద గీయించాలని తోచలేదు.

మీ ఇళ్ళలో పెద్దల పీటో, మంచమో, కుర్చీయో మిగిలి ఉంటే ఈ ఆదివారమే బొమ్మ గీసి ఉంచండి. గీత వంకరపోయినా ఫరవాలేదు.