ఆ అణా ఏ పద్దులో రాయాలి?

1920 సెప్టెంబరులో మద్రాసు నగరపాలక సంస్థ కౌన్సిల్ ఒక చిన్న తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పేద పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలి, ఖర్చు తలకు రోజుకు అణా దాటకూడదు. పిల్లల పేదరికం వల్ల ఆ బడిలో హాజరు పలచబడుతోందని కౌన్సిల్‌కు చెప్పినవాడు అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి, మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంవాడు. పథకాన్ని తర్వాత మరో నాలుగు బడులకు విస్తరించారు. ఆ అయిదింటిలో 1922-23లో 811 మంది పిల్లలుంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు.

ఇంత ఫలితమిచ్చిన పథకం 1925 ఏప్రిల్ 1న ఆగిపోయింది. ప్రాథమిక విద్యానిధి నుంచి భోజనానికి ఖర్చు పెట్టడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వం చెప్పడమే కారణం. పిల్లల సంఖ్య మళ్లీ పడిపోయింది. 1927లో పథకాన్ని పునరుద్ధరించినా, 25 బడుల్లో వెయ్యిమందికే పెట్టారు. అంటే బడికి సగటున నలభై మంది. తిండి వల్ల పిల్లలు వస్తున్నారా లేదా అన్నది అక్కడ తగువే కాదు. అది చదువు ఖర్చా, ధర్మమా అన్నదే తగువు. బడిలో చదువుతోపాటు అందించే ఏ సేవకైనా ఆయుష్షు తేల్చేది దాన్ని ఏ పద్దులో రాశారన్నదే.

బడి పని చదువు చెప్పడం, తిండి సంగతి దాతలు చూసుకోవచ్చు కదా అనే వాదన ఉంది. 1956లో కామరాజ్ హయాంలో మద్రాసు రాష్ట్రం ఊరి విరాళాలతోనే మొదలుపెట్టింది. కానీ ఎక్కువ మందికి చేర్చాలంటే సర్కారు వాటా వేయక తప్పలేదు. దాత ఈ ఏడు ఇచ్చి పై ఏడు మానేస్తే అడిగే హక్కు ఎవరికీ లేదు. పంతుళ్ల సమయమంతా పప్పూబియ్యం లెక్కలకే పోతుందన్న ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. దానికి విరుగుడు భోజనం మానేయడం కాదు, వేరే మనుషుల్ని పెట్టడం. 1982లో తమిళనాడులో ఎంజీఆర్ ప్రభుత్వం నిర్వాహకుల్నీ వంటవాళ్లనూ విడిగా నియమించింది. హాజరు పెరిగినంత మాత్రాన చదువు వచ్చేసినట్టు కాదన్నదీ నిజమే. అయితే బడికి రాని పిల్లకు ఎంత మంచి పంతులైనా ఏం నేర్పగలడు?

2001 నవంబరులో బడుల్లో వండిన భోజనాన్ని సుప్రీంకోర్టు తప్పనిసరి చేశాక తగువు తీరిందనుకుంటాం. సగమే తీరింది. బియ్యం హక్కయింది గానీ, వండే మనిషి కూలి కాలేదు. వంట సహాయకురాలికి కేంద్రం 2009లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. అందులో ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో కేంద్రం వాటా 600. ఆ తర్వాత పెరిగినదల్లా రాష్ట్రాలు వేసుకున్నదే. ఆంధ్రప్రదేశ్ 2019లో 3,000 చేసింది. బిల్లులు ఆలస్యమైతే మన ఊళ్లలో వంట ఏజెన్సీ మహిళలు కిరాణా కొట్లో అరువు పెట్టి పప్పు, నూనె తెస్తారు. సర్కారు పథకానికి పెట్టుబడి పెడుతున్నది వాళ్లే. రేపు బడికి నర్సు, మానసిక సలహాదారు, సాయంత్రం ట్యూషన్ అని కొత్త సేవలు ప్రకటించినప్పుడు మనం అడగాల్సింది పథకానికి ఎవరి పేరు పెట్టారని కాదు. ఆ పనిచేసే మనిషికి పంతులుతోపాటే ఒకటో తారీఖున జీతం పడుతుందా అని.