కథలో పిలుపు

కథ చెప్పే మనిషి ఎదురుగా ఉన్న పిల్లవాణ్ణి కథ నడుమ పలకరించే పద్ధతి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు అవ్వ నోట అది ఇలా ఉంటుంది: "ఒగ రాజుండెనంట నాయనా, ఆయప్పకు నీ మాదిరే ఒగ కొడుకంట." 'నీ మాదిరే' అనగానే రాజకుమారుడి ముఖం వింటున్న పిల్లవాడి ముఖమైపోతుంది. పిల్లవాడి వంతు ఊ కొట్టడం. ఊ ఆగితే కథా ఆగుతుంది, "నిద్రొచ్చెనా?" అని అడిగి, జవాబు రాకపోతే దుప్పటి కప్పుతారు.

అవ్వ పేరు పెట్టి పిలవక 'నాయనా' అనడానికి ఒక కారణం పేర్లలోనే ఉంది. కౌతాళం మండలంలోని ఉరుకుంద ఈరన్నస్వామి పేరు ఈ సీమలో చాలా ఇళ్లలో పిల్లలకు పెడతారు: ఈరన్న, ఉరుకుందప్ప, ఉరుకుందమ్మ. తాత పేరు మనవడికి పెట్టిన ఇంట్లో మాత్రం చిక్కుంది. భర్త పేరు పలకని ఆచారం పాటించే అవ్వ మనవణ్ణి పేరుతో పిలవలేదు. 'నాయనా', 'అబ్బీ' అంటుంది. పేరు కంటే ఆ పిలుపే దగ్గరిదని ఈ వ్యాసకర్త నమ్మకం.

వినేవాణ్ణి కథలో కలుపుకునే ఈ పద్ధతికి అచ్చులో పెద్ద ఉదాహరణ మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు'. కాశీకి నడిచిపోతున్న మణిసిద్ధుడు తోడుగా వచ్చిన పశువుల కాపరి కుర్రవాడికి మజిలీ మజిలీకీ కథ చెబుతాడు. దారిలో కుర్రవాడి కంటబడిన వింతే ప్రశ్న అవుతుంది, ఆ ప్రశ్నకు జవాబే కథ. వినేవాడు అడగకపోతే అక్కడ కథే లేదు. అవ్వ కథలో ఊ చేసే పనిని ఇక్కడ ప్రశ్న చేస్తుంది.

అవ్వల నోటి కథలను పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు చాలామంది 'నాయనా'లను తీసేస్తారు. కథ మిగులుతుంది, అది ఎవరి కోసం చెప్పారో మాసిపోతుంది.