తుపాకీ చేసిన చేతులు

పాత పటాలపు రైఫిల్ ఒకటి. ఇంటి వెనక గదిలో ఒక బల్ల. బల్లకు బిగించిన వైస్. పక్కన ఆకురాయి, బర్మా, గరుకు కాగితం, అవిసె నూనె సీసా. ఒక మనిషి కూచుని ఆ రైఫిల్ కర్రను కోస్తున్నాడు, చెక్కుతున్నాడు, నునుపు చేస్తున్నాడు.

ఆ ఇల్లు అమెరికాలో ఉంటే ఆ పని పేరు అభిరుచి. ఇషాపూర్ సర్కారీ ఫ్యాక్టరీలో అయితే పరిశ్రమ. ముంగేర్‌లో ఒక ముస్లిం ఇంట్లో అయితే దాని పేరేమిటో మేం చెప్పక్కర్లేదు. మీరు పేపర్లో చదివే ఉంటారు.

లైసెన్సు లేని తుపాకీ నేరమే. కాదని మేం అనటం లేదు. కానీ ఒకే ఆకురాయి, ఒకే వైస్, ఒకే రైఫిల్ ఉన్నప్పుడు నేరానికి మతం ఎక్కణ్నించి వచ్చిందో తెలుసుకోవాలి. దానికి కొంచెం చరిత్ర తవ్వక తప్పదు.

ముందు దొరల ముచ్చట చూద్దాం. 1903లో అమెరికా సైన్యానికి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దాన్ని వేటకు అనువుగా మార్పించుకుని 1909లో ఆఫ్రికా వేటకు పట్టుకుపోయాడు. నవలాకారుడు హెమింగ్వే అదే రకం రైఫిల్‌ను న్యూయార్క్‌లోని గ్రిఫిన్ అండ్ హౌ దుకాణంలో తనకోసం చేయించుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఈ సరదా సామాన్యుడి దాకా వచ్చింది. సైన్యాలకు అక్కర్లేని జర్మన్ మౌజర్లు, బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డులు, ఇటలీ కార్కానోలు చవగ్గా అమెరికాలో దిగాయి. పత్రికలో ప్రకటన చూసి డబ్బు పంపితే చాలు, పోస్టులో ఇంటికొచ్చేవి.

కొన్నవాళ్లు వాటిని ఇంట్లోనే మార్చుకునేవాళ్లు. గొట్టాన్ని చివరి దాకా కప్పిన ముందు కర్రను కోసి పొట్టి చేసేవాళ్లు. పైకప్పు కర్ర తీసేసేవాళ్లు. సిపాయి మోసిన బరువు వేటగాడికి అక్కర్లేదు కదా. పైన దుర్భిణి బిగిస్తే బోల్టు పిడి దానికి తగులుతుంది కనుక ఆ పిడిని వంచేవాళ్లు. అక్రోటు కర్రతో కొత్త మడమ చెక్కి, రోజుల తరబడి అవిసె నూనె పట్టించి మెరిపించేవాళ్లు. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్‌కు చెందిన పార్కర్-హేల్ కంపెనీ ఈ పనినే పెద్ద వ్యాపారం చేసుకుంది. పుస్తకాలు వచ్చాయి. ఉస్తాదులు తయారయ్యారు. అది హునర్. అందులో మాకు సందేహం లేదు.

1963 నవంబర్ 22న డల్లాస్‌లో అధ్యక్షుడు కెన్నెడీని చంపింది అలాంటి యుద్ధకాలపు రైఫిలే. ఇటలీ కార్కానో. దుర్భిణితో కలిపి 19 డాలర్ల 95 సెంట్లకు పోస్టులో తెప్పించినది. 1968లో కొత్త చట్టం తెచ్చి పోస్టు అమ్మకాలు ఆపారు. అంతవరకే. ఇంట్లో రైఫిల్ చెక్కుకునే తెల్లవాడి మతాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. అతను వెళ్లే చర్చి మీద ఎవరూ నిఘా పెట్టలేదు. నేరం చేసినవాడి మీద పడింది, కళ కళగానే మిగిలింది. న్యాయంగా జరగాల్సింది అదే. మా విషయంలో మాత్రం అది ఎందుకు జరగదు?

జవాబు 1857 తర్వాతి రోజుల్లో దొరుకుతుంది. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాల కొవ్వు దగ్గర రాజుకున్న తిరుగుబాటును ఆర్పేశాక తెల్ల సర్కారు చేసిన పని ఒకటుంది. పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. తూటా గిరగిర తిరుగుతూ సూటిగా, దూరంగా పోయేది వాటివల్లే. దేశీ సిపాయిలకిచ్చే ఎన్‌ఫీల్డులలో ఆ గాడుల్ని తొలిపించి గొట్టాన్ని నున్నగా చేశారు. చూడ్డానికి రైఫిలే. పని మాత్రం పాత మస్కెట్‌ది. దాన్ని 1858 నమూనా అన్నారు. మన దేశంలో సైనిక రైఫిళ్లను 'మార్చటం' అనే కథ ఇక్కడ మొదలవుతుంది, మన చేతుల్లో బలం లేకుండా చెయ్యటంతో.

తర్వాత 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. దేశీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు. అంటే తుపాకీ నేరమా కాదా అన్నది తుపాకీని చూసి కాదు, పట్టుకున్న చేతి రంగును చూసి తేల్చారు. 1887లో మద్రాసులో కాంగ్రెస్ మూడో మహాసభ జరిగింది. ఈ చట్టాన్ని సడలించాలని తీర్మానం చేసింది. ఆ సభకు అధ్యక్షుడు బద్రుద్దీన్ త్యాబ్జీ, కాంగ్రెస్‌కు మొదటి ముస్లిం అధ్యక్షుడు. అప్పుడు అది ముస్లింల కోరిక కాదు, దేశం కోరిక. 1931 కరాచీ తీర్మానంలో కూడా నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ఉంది.

తెల్ల సర్కారు మరో పని చేసింది. సైన్యం వాడే తూటా సైజులు పౌరుల చేతిలో ఉండకూడదంది. అందుకే .303 మనకు నిషిద్ధం. దానికి బదులు .315 వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇషాపూర్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగమే తీసుకుని, .315 గొట్టం వేసి, వేట రైఫిల్‌గా లైసెన్సుదారులకు అమ్మింది. అమెరికావాడు వెనక గదిలో చేసిన పనికి దగ్గరి చుట్టమే ఇది. ఇక్కడ సర్కారు ముద్రతో జరిగింది.

ఇక ముంగేర్. బెంగాల్ నవాబు మీర్ ఖాసిం 1762లో తన రాజధానిని ముర్షిదాబాద్ నుంచి ముంగేర్‌కు మార్చాడు. కంపెనీ వాళ్లతో యుద్ధం తప్పదని తెలిసి అక్కడ తుపాకులు, ఫిరంగులు చేయించాడు. ఆ పని చూసిన సేనాని గుర్గిన్ ఖాన్. పేరులో ఖాన్ ఉన్నా ఆయన ముస్లిం కాదు, ఆర్మీనియన్ క్రైస్తవుడు. 1764లో బక్సర్‌లో నవాబు పక్షం ఓడింది. రాజ్యం పోయింది, చేతిపని మిగిలింది. కమ్మరులు, ముస్లింలు పక్కపక్కన కూచుని నేర్చిన పని అది. లైసెన్సున్న తుపాకీ ఫ్యాక్టరీలు ఇప్పటికీ ముంగేర్ ప్రాంగణంలో ఉన్నాయి. అక్కడ పని దొరకనప్పుడు, కూలి చాలనప్పుడు అదే చెయ్యి చీకట్లో దొంగ కట్టా చేసింది. ఆకలి చేయించిన ఆ పనిని రక్తంలో ఉన్న గుణం అన్నారు.

2018లో జబల్‌పూర్‌లోని కేంద్ర ఆయుధ డిపో నుంచి మాయమైన ఏకే-47లు ముంగేర్‌లో దొరికాయి. పనికిరావని పక్కన పెట్టినవాటిని అదే డిపోలో పనిచేసి రిటైరైన ఆర్మరర్ బాగుచేసి అమ్మాడన్నది పోలీసుల ఆరోపణ. కొన్ని ముంగేర్ దగ్గర ముస్లింలుండే ఒక ఊరి బావిలో బయటపడ్డాయి. దొంగతనం డిపోలో జరిగింది, మరమ్మతు జబల్‌పూర్‌లో జరిగింది. మచ్చ మాత్రం బావి ఉన్న ఊరికి అంటుకుంది. కొన్నవాళ్లలో మావాళ్లుంటే శిక్షించండి. ఊరిని ఎందుకు శిక్షిస్తారు? డిపో పేరు చెబితే ఎవరి మతమూ గుర్తుకు రాదెందుకు?

కర్ణాటకలో కొడవల సంగతి చూడండి. బ్రిటిష్ కాలం నుంచి వాళ్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. పండక్కి తుపాకులకు పూలు పెట్టి పూజిస్తారు. మంచిదే. వాళ్ల హక్కు పోవాలని మేం అనం. ఒకరి తుపాకీ సంస్కృతి, మరొకరి తుపాకీ కుట్ర అయ్యే తూకం ఎవరిదని మాత్రమే అడుగుతున్నాం.

మన హైదరాబాద్‌కు వద్దాం. గన్‌ఫౌండ్రీ అని బస్సు కండక్టర్ రోజూ కేకేసే చోటే తోప్ కా సాంచా. 1795లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ కట్టించిన ఫిరంగుల కొలిమి. ఆయన్ని ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ ఆయన పేరే. 1798లో నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేశాడు. మన భాషలో తుపాకి మాట తుర్కీ నుంచి వచ్చింది. ఫిరంగి మాట 'ఫిరంగీ' నుంచి, అంటే యూరపువాడి పేరు నుంచి వచ్చింది. ఆ మాటల్లోనే అందరి చేతులూ ఉన్నాయి.

1948 మరిచిపోలేం. రజాకార్ల తుపాకులు తెలంగాణ పల్లెల్ని ఏడిపించాయి. నిజం రాసినందుకు మా షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో చంపాయి. అది మా లెక్కలో కూడా నేరమే. కానీ సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం వచ్చాక జరిగిందానికి లెక్క ఎవరు చెప్పారు? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి 27 వేల నుంచి 40 వేల మంది దాకా పోయారంది. సైన్యం ముస్లింల ఆయుధాలు లాక్కుని, హిందువుల దగ్గరున్నవి చాలాచోట్ల ఉండనిచ్చిందని రాసింది. ఆ నివేదిక జనం కళ్లబడింది 2013లో. ఆయుధాల చట్టం చేతి రంగు చూస్తే, ఆనాటి తనిఖీ చేతికి కట్టిన తావీజు చూసింది.

ఇవాళ ఊళ్లలో మావాళ్ల ఆకురాళ్లు ఏం చేస్తున్నాయో మీకు తెలుసు. తాళాలకు చెవులు చేస్తున్నాయి. స్టవ్‌లు, గొడుగులు బాగుచేస్తున్నాయి. మోటారు షెడ్డుల్లో పాత ఇంజన్లకు ప్రాణం పోస్తున్నాయి. పాడైనదాన్ని పారెయ్యకుండా పనికొచ్చేలా చెయ్యటం పేదవాడి హునర్. అమెరికా వెనక గదిలో మెరిసేదీ అదే, ముంగేర్ కొలిమిలో మసిబారిందీ అదే.

మాకు తుపాకులు వద్దు. గుజరాత్ నుంచి ముజఫర్‌నగర్ దాకా నిరాయుధులుగానే చచ్చాం. మాకు కావాల్సింది ఒకే తూకం. నేరం చేసినవాడి పేరు రాయండి, వాడి ఊరు పేరు, మతం పేరు కొట్టెయ్యండి. మీర్ ఖాసిం కొలిమిని, తోప్ కా సాంచాను దేశ చరిత్రలో కారీగర్ల పేజీలో రాయండి. చట్టం ముందు మా చెయ్యి కూడా పని తెలిసిన ఒక మనిషి చెయ్యిగా కనిపించాలి. అది అడగటానికి మాకు ఏ లైసెన్సూ అక్కర్లేదు.