పని ముగిసిన సముద్ర చమురు వేదికలు: తొలగింపు, పునర్వినియోగ చట్టాల చరిత్రలో గోదావరి తీరం

కోనసీమ జిల్లా ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాం ఎదుట, సముద్రంలో, రవ్వ చమురు క్షేత్రానికి చెందిన ఎనిమిది మానవరహిత వేదికలు ఉన్నాయి. ఓఎన్‌జీసీ 1987లో కనుగొన్న ఈ క్షేత్రంపై 1994 అక్టోబరు 28న ఉత్పత్తి పంపక ఒప్పందం కుదిరింది. ఇరవై ఐదేళ్ల గడువు తీరాక దాన్ని మరో పదేళ్లు పొడిగించారు. ఆ లెక్కన 2029 అక్టోబరు 27తో ఒప్పందం ముగియాలి. ఆ తరువాత ఈ ఉక్కు కట్టడాలను ఎవరు తీయాలి? తీయకుండా మరో పనికి వాడుకోవచ్చా? అక్కడ వల వేసే మత్స్యకారుడికి ఆ నిర్ణయంలో చోటుందా? వీటికి జవాబు చెప్పవలసిన చట్టాలు ఏయే అవసరాల కోసం పుట్టాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మన దేశంలో తొలగింపు బాధ్యత ప్రధానంగా ఒప్పందాల ద్వారా, ఆదాయపు పన్ను చట్టం ద్వారా రూపుదిద్దుకున్నదే తప్ప సముద్ర చట్టం నుంచి వచ్చినది కాదనీ, అందువల్ల ఒప్పందంలో లేని పక్షం దృష్టికి ఆనలేదనీ నా ప్రతిపాదన.

అంతర్జాతీయ న్యాయం మొదట చాలా కఠినంగా మాట్లాడింది. 1958 నాటి జెనీవా ఖండతీరపు అంచు ఒడంబడిక ఐదవ అధికరణం, విడిచిపెట్టిన లేదా వాడుకలో లేని కట్టడాలను పూర్తిగా తొలగించి తీరాలని ఆదేశించింది. సముద్రపు లోతుల్లో భారీ కట్టడాలు ఇంకా లేని రోజుల్లో రాసిన వాక్యం కనుక అందులో మినహాయింపు ఊసు లేదు. తరువాతి రెండు దశాబ్దాల్లో ఉత్తర సముద్రంలో వేల టన్నుల ఉక్కు నిలబడింది. తొలగింపు ఖర్చు ప్రభుత్వాలకూ కంపెనీలకూ కనబడసాగింది. 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక అరవయ్యవ అధికరణంలో 'పూర్తిగా' అన్న మాట పట్టు సడలింది. నౌకాయాన భద్రత కోసం, అంతర్జాతీయ సంస్థ నిర్ణయించే ప్రమాణాలను అనుసరించి తొలగించాలన్నారు. తొలగింపులో చేపల వేటను, సముద్ర పర్యావరణాన్ని దృష్టిలో ఉంచుకోవాలన్నారు. పూర్తిగా తీయని కట్టడాల లోతు, స్థానం, కొలతలు బహిరంగంగా ప్రకటించాలని కూడా చేర్చారు. భారతదేశం ఈ ఒడంబడికను 1995 జూన్ 29న ధ్రువీకరించింది.

ఆ ప్రమాణాలను అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 1989 అక్టోబరులో తన తీర్మానం ద్వారా ఇచ్చింది. 75 మీటర్లకు తక్కువ లోతులో నిలిచి, జాకెట్‌పై కూర్చున్న పైభాగాన్ని మినహాయించి 4,000 టన్నులకు లోపు బరువున్న కట్టడాన్ని పూర్తిగా తీయాలి. 1998 జనవరి 1 నుంచి నిలిపిన వాటికి ఈ లోతు 100 మీటర్లు. పాక్షికంగా వదిలితే పైన కనీసం 55 మీటర్ల నీరు అడ్డు లేకుండా ఉండాలి. మత్స్య సంపద పెంపు వంటి కొత్త ప్రయోజనం ఉంటే కట్టడాన్ని అక్కడే ఉంచవచ్చు. అయితే దాని యాజమాన్యం ఎవరిదో స్పష్టంగా ఉండాలి, భవిష్యత్తు నష్టాలను భరించే ఆర్థిక స్తోమత యజమానికి ఉండాలి. నా దృష్టిలో ఈ చివరి షరతే అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇవి ఒడంబడిక కాదు, మార్గదర్శకాలు మాత్రమే. పైగా ఇవి కట్టడాల గురించే. సముద్రగర్భ గొట్టపు మార్గాల ప్రస్తావన వీటిలో లేదు.

పునర్వినియోగానికి అమెరికా ముందుగా తలుపు తెరిచింది. 1984లో కేంద్ర చట్టం, 1986లో లూసియానా రాష్ట్ర కార్యక్రమం పాత వేదికలను చేపలు చేరే కృత్రిమ దిబ్బలుగా మార్చడానికి దారి చూపాయి. ఐరోపా మరో వైపు మళ్లింది. 1995లో షెల్ కంపెనీ బ్రెంట్ స్పార్ అనే చమురు నిల్వ కట్టడాన్ని అట్లాంటిక్‌లో ముంచబోగా గ్రీన్‌పీస్ ఆందోళన దాన్ని ఆపింది. దాని భాగాలు చివరకు నార్వేలో ఓడల రేవు నిర్మాణంలో కలిశాయి. 1998లో ఈశాన్య అట్లాంటిక్ దేశాలు కట్టడాలను సముద్రంలో వదిలేయడాన్ని, పరిమిత మినహాయింపులతో, నిషేధించాయి.

ఇక మన చట్టాల సంగతి. 1948 చమురు క్షేత్రాల చట్టం, 1959 నియమాలు నేలమీది తవ్వకాల కాలానివి. 1974లో బాంబే హై వెలుగు చూశాక 1976లో సముద్ర మండలాల చట్టం వచ్చింది. అందులో ఖండతీరపు అంచుపై కేంద్రానికి దక్కే ప్రత్యేక అధికారం కట్టడాల 'నిర్మాణం, నిర్వహణ, నడక' గురించి చెబుతుంది. ఆ వరుసలో తొలగింపు అన్న మాట లేదు. కొత్త సంపద దొరికిన ఉత్సాహంలో ముగింపు గురించి ఆలోచించకపోవడం సహజమే కావచ్చు. కానీ ఆ ఖాళీని తరువాత నింపినది ఉత్పత్తి పంపక ఒప్పందం. గడువు తీరాక ప్రభుత్వం ఆమోదించిన ప్రణాళిక ప్రకారం కట్టడాలను తొలగించి స్థలాన్ని పునరుద్ధరించాలని అది కాంట్రాక్టరును కట్టడి చేస్తుంది. అదే సమయంలో, ఖర్చు తిరిగి రాబట్టుకున్న ఆస్తులు ప్రభుత్వానికి చెందుతాయన్న సూత్రమూ ఈ ఒప్పందాల్లో ఉంది. బాధ్యత ఒకరిది, ఆస్తి మరొకరిది. అంతర్జాతీయ మార్గదర్శకాలు కోరే స్పష్టమైన యాజమాన్యం సరిగ్గా ఇక్కడే చిక్కుబడుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది పన్ను చట్టం తేల్చింది. 1998 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 33ఏబీఏ సెక్షను చేర్చింది. 1999లో స్థల పునరుద్ధరణ నిధి పథకం వచ్చింది. కంపెనీ స్టేట్ బ్యాంకులోని ప్రత్యేక ఖాతాలోగానీ, పునరుద్ధరణ ఖాతాలోగానీ జమ చేసిన సొమ్ముకు, ఆ వ్యాపార లాభంలో 20 శాతం మించకుండా, పన్ను మినహాయింపు ఉంటుంది. దీనికి ముందున్న 33ఏబీ సెక్షను తేయాకు అభివృద్ధి ఖాతాకు సంబంధించినది కావడం గమనార్హం: సముద్రంలోని ఉక్కు, కొండమీది తేయాకు చట్టంలో పక్కపక్కనే కూర్చున్నాయి. 2008 నాటి నియమాలు సముద్ర కార్యకలాపాల భద్రతకు ఉద్దేశించినవి. వాటిలోనూ పనివారి భద్రతదే ప్రధాన స్థానం.

ఈ చట్రంలో మన దేశంలో జరిగిన తొలి పెద్ద తొలగింపు పశ్చిమ తీరంలోని తపతీ క్షేత్రానిది. 2016లో ఉత్పత్తి ఆగాక ఐదు మానవరహిత వేదికలను తీసివేశారు. ప్రక్రియా వేదికను మాత్రం ఓఎన్‌జీసీ తన డామన్ వాయు క్షేత్రాల కోసం తీసుకుంది.

గోదావరి తీరంలో పునర్వినియోగం మూడు రూపాల్లో ఎదురవుతుంది. రిలయన్స్ కేజీ-డీ6లో 2009లో మొదలైన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో ఆర్-క్లస్టర్ వాయువు సుమారు 60 కిలోమీటర్ల దూరం నుంచి అప్పటికే ఉన్న నియంత్రణ వేదికకు చేరింది. ఒప్పందమూ కాంట్రాక్టరూ మారలేదు కనుక యాజమాన్య ప్రశ్న తలెత్తలేదు. దీన్‌దయాళ్ క్షేత్రంలో మారింది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి ఉన్న 80 శాతం వాటాను 2017లో ఓఎన్‌జీసీ దాదాపు 99.5 కోట్ల డాలర్లకు కొన్నది. పక్క క్షేత్రాలకు ఆ వేదిక పనికొస్తుందన్నది అప్పుడు చెప్పిన కారణాలలో ఒకటి. మూడవది ఎంఏ క్షేత్రం. అక్కడ తేలే ఓడ నుంచి 2008లో మొదలైన ఉత్పత్తి 2018 సెప్టెంబరులో ఆగింది. ఓడకు తొలగింపు పెద్ద సమస్య కాదు, వెళ్లిపోతుంది. లోతు జలాల్లోని బావులు, గొట్టాలు వేరు సంగతి. వాటి విషయంలోనే 1989 మార్గదర్శకాల మౌనం బయటపడుతుంది.

ఈ ఉదాహరణలన్నిటా పాత వేదికను తిరిగి వాడుకున్నది, వాడుకోదలచినది చమురు పరిశ్రమే. మత్స్య సంపద కోసం, మరే ఇతర ప్రయోజనం కోసం వేదికను అప్పగించే మార్గాన్ని పైన చూసిన చట్టాల్లో దేనిలోనూ ప్రత్యేకంగా ఏర్పరచలేదు. రవ్వ వేదికలు నిస్సార జలాల్లోవి కాబట్టి, బరువు పరిమితికి లోపు ఉంటే, పూర్తి తొలగింపే సాధారణ నియమం అవుతుంది. చాలామంది పర్యావరణవాదులకు అది సంతృప్తి కలిగించవచ్చు. అయితే జాకెట్ కాళ్ల చుట్టూ చేరిన చేపల ప్రశ్నా, కోసిన తరువాత అడుగున మిగిలే ఉక్కు మొండాలకు వల చిక్కే ప్రశ్నా మత్స్యకారులకు సంబంధించినవి. ఆ రెంటికీ జవాబులు వేరువేరు చోట్ల వేరువేరుగా ఉండవచ్చు.

ఈ తీరంలో ఆ ప్రశ్నకు ఆధారాలు ఇప్పటికే ఉన్నాయి. 2022 మే 13న మురమళ్లలో జరిగిన సభలో, ఓఎన్‌జీసీ గొట్టపు మార్గం పనుల వల్ల జీవనోపాధి కోల్పోయిన 23,458 మత్స్యకార కుటుంబాలకు సుమారు 108 కోట్ల రూపాయల పరిహారం విడుదల చేశారు. జీఎస్‌పీసీ పనుల వల్ల నష్టపోయిన ముమ్మిడివరం ప్రాంత మత్స్యకారులకు అంతకుముందు 2019లో పరిహారం అందింది. ఇవి నిర్మాణ కాలపు నష్టాలు. తొలగింపు పనులకూ భారీ క్రేన్ ఓడలు, వేటకు అడ్డుకట్ట, నెలల సమయం అవసరమవుతాయి. రవ్వ తొలగింపు ప్రణాళిక రూపొందేటప్పుడు అరవయ్యవ అధికరణంలోని చేపల వేట షరతును, లోతు-స్థానం ప్రకటించాలన్న షరతును అందులో రాతపూర్వకంగా చేర్చాలి. ఆ ప్రకటన తెలుగులో, ఎస్.యానాం చుట్టుపక్కల మత్స్యకార సంఘాలకు చేరాలి. కేంద్రానికీ కాంట్రాక్టరుకూ తోడు రాష్ట్ర మత్స్యశాఖను మూడవ పక్షంగా కూర్చోబెట్టడానికి 1994 ఒప్పందాన్ని తిరగరాయనవసరం లేదు; ప్రణాళికను ఆమోదించేటప్పుడు కేంద్రం విధించే షరతు చాలు.